మారేడు దాచిన వాన

అనగనగా ఇప్పచెట్లు దట్టంగా పెరిగిన ఒక అడవి ఉండేదర్రా పిల్లలూ. ఆ అడవిలో జంతువులకు ఫుట్‌బాల్ అంటే ప్రాణం. తీగలతో అల్లిన బంతి ఒకటి దొర్లుతూ కనిపిస్తే చాలు, అడవిదున్న కూడా మేత మానేసి పరుగెత్తుకొచ్చేది.

చుట్టుపక్కల అడవులన్నీ కలిసి ఏటా పిల్లల పోటీలు పెట్టుకునేవి. ప్రతి అడవీ తన పిల్లల జట్టును పంపేది. రేపు పెద్దల జట్టులో ఆడాల్సింది ఈ పిల్లలే కదా! ఇక్కడే పడతారు, ఇక్కడే లేస్తారు, ఇక్కడే ఆట నేర్చుకుంటారు. అందుకని పెద్దలు ఒక నియమం పెట్టారు. రెండు వానాకాలాలకు మించి చూసినవాళ్ళు పిల్లల జట్టులో ఆడకూడదు.

ఆ ఇప్పల అడవిలో మారేడు అని ఒక కుర్ర దుప్పి ఉండేవాడు. పిల్లల జట్టులో ఆడాలని వాడికి ఎంతో ఆశ. కిందటేడు వాడికి సరైన ఈడే. కానీ జట్టును ఎంచుకునే సమయానికి అడవిలో కార్చిచ్చు రేగింది. మంటలకు భయపడి పరుగెత్తుతుంటే రాళ్ళ సందులో కాలు పడి విరిగింది. తోటి పిల్లలు మైదానంలో ఆడుతుంటే వాడు పొదలో పడుకుని ఆ కేకలు వింటూ ఏడ్చాడు. కాలు బాగయ్యేసరికి మూడో వానాకాలం కూడా వచ్చి వెళ్ళిపోయింది.

వాడి బాధ చూసి మేనమామ బుగ్గయ్య చెవిలో చెప్పాడు.

"ఒరేయ్ అల్లుడూ, ఒక్క వాన దాచేస్తే ఏం పోతుందిరా? కాలు విరగడం నీ తప్పా? నీ కొమ్ముకు ఈడు చెప్పే కొత్త చీలిక వస్తోంది చూడు, దాన్ని రాయికేసి రుద్దెయ్. ఇక నీ ఈడు ఎవరికి తెలుస్తుంది?"

లేత కొమ్మును రాయికేసి రుద్దితే ఎంత నొప్పో తెలుసా పిల్లలూ? నెత్తురు కూడా వచ్చింది. అయినా మారేడు పళ్ళు బిగించి రుద్దుకున్నాడు.

జట్టును ఎంచుకునే రోజు వచ్చింది. ఆట నేర్పే ఎలుగుబంటి కొండన్న మాస్టారు పిల్లలందరినీ వరసగా నిలబెట్టాడు.

"నువ్వు ఎన్ని వానలు చూశావు నాయనా?" అని మారేడును అడిగాడు.

"రెండు, మాస్టారూ" అన్నాడు మారేడు నేల చూపులు చూస్తూ.

మాస్టారు వాడి కొమ్ముల వైపు చూశాడు. ఏదో అనబోయి ఆగాడు. తర్వాత బంతి ఇచ్చి ఆడమన్నాడు. మారేడు ఆట చూసి అందరూ ఈలలు వేశారు. జట్టులో మిగిలిన ఒక్క చోటూ వాడికే దక్కింది. ఆ చోటు కోసమే ఆశపడ్డ రేగు అనే అడవి మేకపిల్ల గట్టు మీద కూర్చోవాల్సి వచ్చింది.

రేగు మంచివాడు. అలిగి కూర్చోలేదు. మారేడు అలిసిపోయి వస్తే ఆకుదొన్నెలో నీళ్ళు తెచ్చి ఇచ్చేవాడు.

"నీ ఆట ఎంత బాగుంటుందో అన్నా!" అని ఒకరోజు అనేసి, వెంటనే నాలుక కరుచుకున్నాడు. "అరే, నువ్వూ నా ఈడువాడివే కదా! నిన్ను చూస్తే ఎందుకో అన్నా అనాలనిపిస్తుంది."

మారేడు దొన్నె కింద పెట్టేసి మైదానంలోకి వెళ్ళిపోయాడు.

పోటీలు మొదలయ్యాయి. మొదటి ఆట ఇప్పల అడవి సునాయాసంగా గెలిచింది. రెండో ఆట గుట్టల అడవితో. అది గెలిస్తే కప్పు కోసం ఆడొచ్చు. గుట్టల అడవి గోలు దగ్గర పల్లేరు అనే కొండముచ్చు పిల్ల కాపలా ఉన్నాడు. వాడు ఎన్నో బంతులను గాల్లోకి ఎగిరి పట్టుకున్నాడు. చివరకు మారేడు ఒంట్లో బలమంతా పెట్టి ఒక దెబ్బ కొట్టాడు. పల్లేరు తప్పుకోలేదు. బంతికి గుండె అడ్డం పెట్టాడు. బంతి వాడిని కూడా తోసుకుంటూ గోల్లో పడింది.

ఇప్పల అడవి పిల్లలు ఎగిరి గంతులేశారు. పల్లేరు మాత్రం లేవలేదు. వాళ్ళమ్మ వచ్చి భుజాన వేసుకుని తీసుకుపోయింది.

మారేడుకు ఆ సంబరంలో మనసు నిలవలేదు. సాయంత్రం గుట్టల అడవి వాళ్ళు దిగిన చోటికి వెళ్ళాడు. పల్లేరు ఛాతీకి ఆకుపసరు కట్టు కట్టి ఉంది. దెబ్బ పెద్దది కాదు, నాలుగు రోజుల్లో తగ్గిపోతుందట. అయినా వాడు ఏడుస్తున్నాడు.

"నొప్పిగా ఉందా నాన్నా?" అని వాళ్ళమ్మ అడిగింది.

"నొప్పికి కాదమ్మా. ఆ దుప్పికి కూడా రెండు వానలేగా! నాకూ రెండు వానలే. మరి నేనెందుకు ఆపలేకపోయాను? నాలో బలం లేదమ్మా. నేను ఆటకు పనికిరాను. ఇంక ఎప్పుడూ ఆడను."

చెట్టు చాటున నిలబడి మారేడు ఆ మాటలన్నీ విన్నాడు. ఏడాది కిందట పొదలో పడుకుని తాను ఏడ్చిన ఏడుపు కూడా అలాగే ఉండేది. ఇప్పుడేం చేయాలి? నోరు మూసుకుంటే కప్పు వస్తుంది, పేరు వస్తుంది. నోరు తెరిస్తే అంతా పోతుంది.

చెట్టు చాటు నుంచి మారేడు ముందుకు వచ్చాడు.

"తమ్ముడూ, నీలో బలం లేకపోవడం కాదు" అన్నాడు. "నాకు మూడు వానలు. నేను అబద్ధం చెప్పి ఆడాను."

పల్లేరు ఏడుపు ఆపి కళ్ళు పెద్దవి చేసి చూశాడు. "నిజంగానా?"

"నిజం. నా ఈడువాళ్ళు కూడా నువ్వు పట్టినన్ని బంతులు పట్టలేరు."

వాళ్ళమ్మ మారేడు కేసి కోపంగానే చూసింది. "మా వాడి మనసు విరిగిపోయింది కదయ్యా" అంది. తర్వాత వాడి కళ్ళలో నీళ్ళు చూసి మెత్తబడింది. "ముందు వెళ్ళి మీ మాస్టారుకు చెప్పు, పో."

మారేడు వెళ్ళి చెప్పాడు. కొండన్న మాస్టారు వాడి కొమ్మును చేత్తో తడిమాడు.

"నీ కొమ్ము చూసిన రోజే నాకు అనుమానం వచ్చింది" అన్నాడు. "మళ్ళీ అడిగితే నిజం చెబుతావేమోనని భయపడి అడగలేదు. గెలుపు మీద ఆశ నాకూ ఉంది మరి. పద, ఇద్దరం వెళ్దాం."

పోటీలు నడిపించే ముసలి కొంగ అంతా విని తీర్పు చెప్పింది. "మొదటి ఆటలో ఓడినవాళ్ళు తమ అడవికి వెళ్ళిపోయారు, దాన్ని తిరగదోడలేం. మీ రెండో గెలుపు మాత్రం చెల్లదు. కప్పు ఆట గుట్టల అడవి ఆడుతుంది. మారేడు వచ్చే వానాకాలం వెళ్ళేదాకా ఏ జట్టులోనూ ఆడకూడదు. మూడో చోటు కోసం ఆడాలనుకుంటే మిగతా పిల్లలు ఆడొచ్చు."

జట్టు పిల్లలకు గుండె పగిలినట్టయింది. తుమ్మ అనే పందిపిల్ల మారేడు మీదికి వచ్చాడు.

"మేమేం తప్పు చేశాం? నీ ఒక్కడి అబద్ధానికి మేమంతా కప్పు పోగొట్టుకోవాలా?"

మారేడు అందరి ముందూ తల వంచాడు. "నన్ను క్షమించండి" అని మాత్రం అన్నాడు.

కొండన్న మాస్టారు ముందుకు వచ్చాడు. "తుమ్మా, నీ కోపం న్యాయమైందే. ఆ కోపం నా మీద కూడా చూపించు. తెలిసీ ఊరుకున్నది నేను. కానీ ఒక్క మాట. మీరింకా ఎన్నో కప్పులు ఆడతారు. తనలో బలం లేదనుకుని ఆ పసివాడు పల్లేరు ఈ రాత్రి ఆట మానేసి ఉంటే మళ్ళీ ఆడేవాడా?"

తుమ్మ కాలితో నేల తన్ని వెనక్కి తగ్గాడు. కానీ ఆ రోజు మారేడుతో మాట్లాడలేదు, మర్నాడు కూడా మాట్లాడలేదు.

మూడో చోటు కోసం ఆట జరిగింది. మారేడు చోటులో రేగు ఆడాడు. భయంతో మొదట రెండుసార్లు బంతి వదిలేశాడు. గట్టు మీద నుంచి మారేడు గొంతు చించుకుని అరిచాడు. "రేగూ! కొమ్ములెత్తి చూడరా, ఎడమ పక్క ఖాళీ!" రేగు తలెత్తి చూశాడు, ఎడమ పక్కకు దూకాడు, ఒక గోలు కొట్టాడు. అయినా ఇప్పల అడవి ఓడిపోయింది. ఓడినా రేగు మాత్రం ఇంటిదాకా గంతులేసుకుంటూనే వెళ్ళాడు.

కప్పు ఆటలో గుట్టల అడవి కూడా గెలవలేదు. పల్లేరు మాత్రం కట్టు విప్పేసి వచ్చి ఎన్నో బంతులు ఆపాడు. ఆట అయ్యాక బంతిని చంకలో పెట్టుకుని నేరుగా మారేడు దగ్గరికి వచ్చాడు.

"అన్నా, ఒక దెబ్బ కొట్టు."

"వద్దు తమ్ముడూ, నీకు దెబ్బ తగులుతుంది. మెల్లగా కొట్టనా?"

"మెల్లగా ఎందుకు? గట్టిగానే కొట్టు. కాస్త దూరం నుంచి కొట్టు, అంతే. పెద్దయ్యాక పెద్దవాళ్ళ దెబ్బలు ఆపాలి కదా, ఇప్పటినుంచే నేర్చుకుంటాను."

మారేడుకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఎంతో దూరం వెనక్కి నడిచి, పరుగెత్తుకొచ్చి కొట్టాడు. పల్లేరు ఎగిరి వేళ్ళ కొసలతో బంతిని పక్కకు నెట్టేశాడు. నేల మీద దొర్లి లేచి, "ఇంకొకటి!" అని అరిచాడు. దూరంగా నిలబడి చూస్తున్న తుమ్మ, దొర్లిపోతున్న బంతిని ముక్కుతో నెట్టి మారేడు కాళ్ళ దగ్గరికి పంపాడు.

మరుసటి వానాకాలం వెళ్ళాక మారేడు పెద్దల జట్టులో చేరడానికి వెళ్ళాడు. మొదటిసారి తీసుకోలేదు. వాడు కొమ్ములు దాచుకోలేదు, ఆట మానలేదు. పైఏడు మళ్ళీ వెళ్ళాడు. ఈసారి తీసుకున్నారు.

నీతి: మన ఆశ తీర్చుకోవడానికి ఆడే అబద్ధం ఇంకొకరి ఆశను తొక్కేస్తుంది, ఆలస్యమైనా సరే, నిజం చెప్పినవాడే దాన్ని మళ్ళీ నిలబెట్టగలడు.