పెళ్ళిగంప బండికి పడ్డ శిక్ష

రాజులకు రకరకాల పిచ్చులుంటాయి. ఒకరికి వేట పిచ్చి, ఒకరికి గుర్రాల పిచ్చి, ఇంకొకరికి పక్కరాజ్యం మీద పిచ్చి. ఒకానొక రాజ్యంలో, కుంభవరం అనే నగరంలో, ఉద్దండభూపతి అనే మహారాజుకు మాత్రం వీధి పిచ్చి పట్టుకుంది. దక్షిణ ద్వారం నుంచి ఉత్తర ద్వారం దాకా నేల చదును చేయించి, కంకర కొట్టించి, రాజవీధి అని పేరు పెట్టి మురిసిపోయాడు. వేయించినవాడు అక్కడితో ఊరుకోవచ్చు కదా! ఊరుకుంటే ఆయన ఉద్దండభూపతి ఎందుకవుతాడు?

ఒక వానాకాలం ఎవరిదో ఎద్దులబండి పక్కనుంచి దూసుకుపోతూ మహారాజుగారి జరీ ఉత్తరీయం మీద దోసెడు బురద చిమ్మింది. మర్నాటికల్లా ఊరంతా దండోరా పడింది.

"రాజవీధిలో ఏ బండీ మహారాజుగారి పట్టపుటేనుగు కంటే వేగంగా పోరాదహో! పోతే ఎద్దుల్ని విప్పి రాజుగారి పశువులశాలకు తోలుకుపోతారహో!"

ఆ పట్టపుటేనుగు సంగతి కూడా చెప్పాలి. దానికి వయసు మీద పడింది. బెల్లం తిని తిని ఒళ్ళు పెంచింది. అది నడుస్తుంటే నిలబడి ఉందనుకుని కాకులు వచ్చి వీపు మీద వాలేవి. ఆ నడక మించకూడదంటే జనం ఎలా బతుకుతారు? కూరగాయలు అంగడికి చేరేలోపు వాడిపోయేవి. పాలు విరిగిపోయేవి. అయినా ఎదురుచెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

మహారాజుకు మాత్రం ఇది మహా వేడుకగా ఉండేది. వీధి నడుమ కూడలిలో పందిరి వేయించుకుని, సింహాసనం తెప్పించుకుని, స్వయంగా కూర్చునేవాడు. భటుడు ఎర్రజెండా ఎత్తి బండి ఆపేవాడు. వెంటనే వందిమాగధుడు ముందుకొచ్చి మహారాజు బిరుదులన్నీ గొంతెత్తి చదివేవాడు. ఆ రాజ్యంలో అది తాతల నాటి ఆచారం. బిరుదావళి చదవకుండా చెప్పిన తీర్పు తీర్పే కాదు. చదవడం పూర్తయ్యాక ఎద్దులు పోయేవి.

ఆ కొలువులో మాచన్న అని ఒక హాస్యచతురుడు ఉండేవాడు. మాట పడితే తిరిగి ఇవ్వకుండా నిద్రపోయేవాడు కాదు. ఆయనకు పిల్లలు లేరు. అక్క కూతురు నాంచారును చిన్నప్పటి నుంచి భుజాల మీద ఎక్కించుకుని పెంచాడు. ఆ నాంచారుకు ఉత్తర ద్వారం అవతల ఉన్న తోటలో పెళ్ళి. ముహూర్తం మిట్టమధ్యాహ్నం.

పెళ్ళికూతురిని మేనమామ కొత్త గంపలో కూర్చోబెట్టి మంటపానికి మోసుకురావాలి. అది మనవాళ్ళ పద్ధతి. మేనమామ రాకపోతే పిల్ల గదిలోంచి కదలదు. పిల్ల కదలకపోతే పెళ్ళి లేదు. ఆ గంప కూడా మాచన్న బండిలోనే ఉంది. ఇంత ముఖ్యమైన మనిషి తెల్లారగానే బయల్దేరక ఇంతసేపు ఏం చేస్తున్నాడంటారా? మహారాజు సభ పెట్టి, తన కొత్త ఎర్రజెండా అంచుకు ఏ రంగు కుచ్చులు కట్టించాలో అభిప్రాయాలు అడుగుతూ కూర్చున్నాడు. లేచి వెళ్ళడానికి ఎవరికి గుండెలున్నాయి?

సభ ముగియగానే మాచన్న ఇంటికి పరుగెత్తి, బండి కట్టి, భార్య పేరిందేవిని ఎక్కించుకుని ఎద్దుల్ని అదిలించాడు.

"కాస్త మెల్లగా తోలండి. ముందు ఆ పందిరి ఉంది" అంది పేరిందేవి.

"మెల్లగా పోతే నాంచారు పెళ్ళికి కాదు, దాని బిడ్డ బారసాలకు అందుతాం" అన్నాడు మాచన్న.

ఎద్దులు రెండూ పుంజుకున్నాయి. వెనకనుంచి ఎండాకాలపు గాలి. చక్రాల దుమ్ము బండికి ముందే ఎగిరిపోతోంది. సరిగ్గా కూడలి దగ్గర ఎర్రజెండా లేచింది.

"ఆగు!"

పందిరి కింద మహారాజు ముఖం విప్పారింది. ఎన్నాళ్ళుగానో ఈ మాచన్న ఒక్కసారి దొరికితే బాగుండునని ఆయన కోరిక.

"ఏం మాచన్నా! మా దండోరా విని నవ్వావట. ఏదీ, ఇప్పుడు నవ్వు!"

"మహాప్రభో, ఒక్క మనవి. ఇవాళ మా ఇంట్లో..."

"కారణాలు చెప్పకు!" అని గద్దించాడు మహారాజు. "దొరికిన ప్రతివాడికీ ఓ కారణం. ఒకడి అత్త మంచాన పడుతుంది. ఇంకొకడి ఆవు ఈనుతుంది. ఈ వీధిలోకి వచ్చేసరికి అందరి అత్తలకూ ఒకేసారి జబ్బు చేస్తుంది! చట్టానికి చెవులు లేవు. ఒరే భటుడా, బండి ఎలా వచ్చిందో చెప్పు."

భటుడు కళ్ళు నులుముకుంటూ వచ్చాడు. "ఏం చెప్పమంటారు ప్రభూ! బండి ఇంకా అల్లంత దూరాన ఉండగానే దాని దుమ్ము వచ్చి మా కళ్ళల్లో పడింది. అంత జోరు!"

"విన్నావుగా! నీ నోటి చాతుర్యం గొప్పదంటారు కదా, నీకొక అవకాశం ఇస్తున్నాను. నీ బండి మా ఏనుగు కంటే వేగంగా రాలేదని ఇంతమందిలో నిరూపించు. వదిలేస్తాను. నిరూపించలేకపోతే ఎద్దులు మావి. నువ్వు నడిచిపో."

పేరిందేవి తలెత్తి చూసింది. సూర్యుడు నడినెత్తికి వస్తున్నాడు. నడిచిపోతే ముహూర్తం మాట దేవుడెరుగు, అప్పగింతలకు కూడా చేరలేరు. గదిలో పెళ్ళిబట్టలు కట్టుకుని, మామయ్య కోసం గుమ్మం వైపు చూస్తున్న పిల్ల ఆమె కళ్ళ ముందు మెదిలింది. మాచన్నకు కూడా ఆ పిల్లే గుర్తొచ్చింది. కానీ బయటికి కనబడనివ్వలేదు.

"చిత్తం ప్రభూ. కానీ బిరుదావళి ఇంకా చదవలేదు. ఆచారం తప్పడం నాకు ఇష్టం లేదు" అన్నాడు చేతులు కట్టుకుని.

బిరుదులు వినడమంటే మహారాజుకు చెవుల్లో తేనె పోసినట్టే. సైగ చేశాడు. వందిమాగధుడు గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"జయ జయ! ఉద్దండ మార్తాండా! శత్రుహృదయ దిగ్భ్రాంతిదాయకా! గాలిని పరుగులో గెలిచిన పట్టపుటేనుగును అధిరోహించిన మహావీరా!"

"అక్కడ ఆగవయ్యా" అన్నాడు మాచన్న. "ఆ చివరిది మళ్ళీ చదువు."

"గాలిని పరుగులో గెలిచిన పట్టపుటేనుగును అధిరోహించిన మహావీరా!"

మాచన్న మహారాజు వైపు తిరిగి దండం పెట్టాడు. "ప్రభూ, ఈ బిరుదు నిజమే కదా?"

"ఎంత మాట! కోట గోడ మీద చెక్కించాం. పొరుగు రాజులు కూడా ఒప్పుకున్నారు!"

"మంచిది. నా బండి దుమ్ము నాకంటే ముందే వచ్చిందని తమ భటుడే చెప్పాడు. దుమ్ముకు కాళ్ళు లేవు. దాన్ని మోసుకొచ్చింది గాలి. అంటే గాలి నా బండిని దాటేసింది. ఆ గాలిని తమ ఏనుగు ఓడించింది. గాలి చేతిలోనే ఓడిపోయిన నా బండి, గాలిని ఓడించిన ఏనుగును ఎక్కడ మించుతుంది ప్రభూ?"

మంత్రి గోపరుసు దగ్గు తెచ్చుకుని పైకండువాలో ముఖం దాచుకున్నాడు. భటుడు తన నోటి మీద తానే చెయ్యి వేసుకున్నాడు.

మహారాజు ఇరుక్కున్నాడు. కాదంటే బిరుదు అబద్ధం. అవునంటే మాచన్న పోతాడు. మీసం మెలేశాడు. కిరీటం సర్దుకున్నాడు. ఉన్నట్టుండి ఆయన కళ్ళు మెరిశాయి.

"అయితే నీ బండి మా ఏనుగు కంటే నెమ్మదన్నమాట."

"చాలా నెమ్మది ప్రభూ."

"ఎంత నెమ్మది?"

"చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది. వెనక వచ్చే జనానికి అడ్డం పడి, వీధి మొత్తాన్ని ఆపేసేంత నెమ్మది."

"దొరికావు!" అని మహారాజు తొడ చరిచి లేచాడు. "రాజవీధిలో నెమ్మదిగా నడిచి దారికి అడ్డం పడడం కూడా నేరమే! మంత్రీ, ఏమిటి దానికి శిక్ష?"

"ఉంది ప్రభూ" అన్నాడు గోపరుసు, మాచన్న ముఖం చూడకుండా. "అటువంటి బండిని రాజభటులు వెనకనుంచి తోసుకుంటూ, మధ్యలో ఎక్కడా ఆపకుండా, ఉత్తర ద్వారం దాటించాలి."

"వెంటనే అమలు చెయ్యండి!"

"అయ్యో ప్రభూ! అంత కఠిన శిక్షా?" అని మాచన్న నెత్తి కొట్టుకున్నాడు. పేరిందేవి కొంగు నోట్లో కుక్కుకుంది.

బలిష్ఠులైన భటులు వచ్చి బండికి భుజాలు ఆనించారు. ఒక్క తోపు తోసేసరికి బండి కుదిపిన కుదుపుకి వెనక ఉన్న గంప దొర్లి, సరాసరి మహారాజు కాళ్ళ దగ్గర పడింది. పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టిన సరికొత్త గంప.

"ఇదేమిటి?" అన్నాడు మహారాజు.

ఇక పేరిందేవి ఆగలేకపోయింది. "పెళ్ళిగంప మహారాజా! మా మేనకోడలి పెళ్ళి, ఉత్తర ద్వారం అవతలే. ఈయన పోయి గంప మొయ్యకపోతే పిల్ల పీటల మీదికి రాదు. చెబుదామంటే తమరు చెప్పనివ్వలేదు!"

మహారాజు గంపను చూశాడు. మాచన్నను చూశాడు. బండికి భుజాలిచ్చి వంగి నిలబడ్డ తన భటుల్ని చూశాడు.

ముందు మీసాలు వణికాయి. తర్వాత బొజ్జ కదిలింది. ఆ తర్వాత మహారాజు పందిరి ఎగిరిపోయేటట్టు నవ్వాడు.

"ఓరి నీ తెలివి! నీ ఎద్దుల్ని పట్టుకుందామని కూర్చుంటే నా భటుల్నే ఎద్దుల్ని చేశావు కదయ్యా! ఈ పెళ్ళి చూడాల్సిందే. తీసుకురండి మా ఏనుగును!"

పేరిందేవి గబగబా చేతులు జోడించింది. "మహారాజా, గాలిని ఓడించే ఏనుగు మీద వస్తే తమరు మాకంటే ముందే చేరిపోతారు. అక్కడ ఎదురొచ్చి కాళ్ళు కడగడానికి మేముండం. అమర్యాద అవుతుంది. మా బండే ఎక్కండి."

మహారాజు ఎక్కాడు. గంప ఒళ్ళో పెట్టుకున్నాడు. ముందు ఎద్దులు, వెనక భటులు. బండి ఉరికింది. పుట్టినప్పటి నుంచి ఏనుగు నడకే ఎరిగిన ఆయన ముఖానికి మొదటిసారి గాలి కొట్టింది. ఎగిరిపోతుందని కిరీటం తీసి గంపలో పడేశాడు. ఒళ్ళంతా దుమ్ము. అయినా బండి కమ్మి పట్టుకుని లేచి నిలబడి, "ఇంకా! ఇంకా గట్టిగా తొయ్యండ్రా!" అని కేకలు పెడుతున్నాడు.

ఉత్తర ద్వారం దగ్గర ఎర్రజెండా లేచింది.

"ఆగు!"

అక్కడి కాపలాదారు పోతులయ్య. పెద్ద మీసాల మనిషి. తోసి తోసి దుమ్ములో మునిగిన భటులు అతనికి కూలీల్లా కనిపించారు. బండిలో నిలబడ్డ పెద్దమనిషి ఎవరో పోల్చుకోలేదు. "దిగండి. ఎద్దుల్ని విప్పండి" అన్నాడు.

"నేనెవరో తెలుసా?" అన్నాడు మహారాజు కోపంగా.

"పొద్దున్నుంచి దొరికినవాళ్ళంతా ఈ మాటే అడిగారు. దిగవయ్యా."

భటులు చెప్పబోయారు. తన చట్టాన్ని తానే మీరినట్టు తెలిస్తే పరువు పోతుందని మహారాజు వాళ్ళను ఆగమని సైగ చేశాడు. మహారాజు మాచన్న చెవిలో గుసగుసలాడాడు. "ఏదైనా చెప్పవయ్యా! ఆ దుమ్మూ గాలీ ఏదో చెప్పు!"

"అది రాజుల దగ్గర పనిచేస్తుంది ప్రభూ. ఇతని దగ్గర బిరుదులు లేవు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

మనవి చేసుకోవడం మహారాజుకు అలవాటు లేదు. పక్కనున్న గంపను పైకెత్తి చూపించాడు.

"పిల్ల పెళ్ళి నాయనా. ముహూర్తం దాటిపోతోంది. తప్పయింది. ఈ ఒక్కసారికి..."

పోతులయ్య గంపను చూశాడు. మీసాల కింద ముఖం మెత్తబడింది. "ఆ మాట ముందే చెప్పొద్దూ! ఆడపిల్ల పెళ్ళికి అడ్డం పడతానా? వెళ్ళండి, వెళ్ళండి. తిరిగొచ్చేటప్పుడు మాత్రం నిదానంగా రండి." జెండా దించి, తానే ద్వారం బార్లా తెరిచాడు.

బండి కదిలింది. మహారాజు వెనక్కి తిరిగి ద్వారం వైపే చూస్తున్నాడు. "మాచన్నా" అన్నాడు చివరికి, "అతను నన్ను మాట పూర్తి చెయ్యనిచ్చాడయ్యా."

మంగళవాద్యాలు వినబడ్డాయి. గుమ్మంలో నిలబడ్డ నాంచారు "మామయ్యా!" అని ఏడుస్తూ నవ్వింది. మాచన్న కళ్ళు తుడుచుకుంటూ, గంపలోని కిరీటం తీసి పక్కన పెట్టి, పిల్లను అందులో కూర్చోబెట్టాడు. రెండోవైపు ఎవరు పట్టాలని చూసేలోపే మహారాజు ఉత్తరీయం నడుముకు చుట్టి గంప పట్టుకున్నాడు. సరిగ్గా ముహూర్తానికి పెళ్ళికూతురు మంటపం చేరింది.

భోజనాల దగ్గర మహారాజు మాచన్న మెడలో తన ముత్యాలహారం వేసి, "ఇకనుంచి రాజవీధికి నువ్వే అధికారివి. ఏనుగు చట్టం ఇవాళ్టితో సరి" అని నవ్వాడు. పశువులశాలలోని ఎద్దులన్నీ సాయంత్రానికి ఎవరివి వాళ్ళ ఇళ్ళకు చేరాయి. పోతులయ్యకు బంగారు కడియం అందింది, ఎందుకో అతనికి చాలాకాలం అర్థం కాలేదు.

మాచన్న అధికారం చేపట్టి వేసిన మొదటి దండోరా చాలా చిన్నది. బండి ఆపిన భటుడు ముందుగా "ఎక్కడికి నాయనా ఇంత తొందర?" అని అడగాలి, జవాబు మొత్తం వినాలి, ఆ తర్వాతే శిక్ష సంగతి. వినడం మొదలుపెట్టాక కుంభవరంలో శిక్షలు చాలావరకు తగ్గిపోయాయి.