ఎవడో ఒకడు ఏలిన మడుగు

అనగా అనగా, వినేవాళ్ళు ఊఁ కొట్టగా కొట్టగా, నల్లమద్ది అడవి అని ఒక అడవి. ఆ అడవి నడుమ ఒక మడుగు. ఎండాకాలం వస్తే చుట్టుపక్కల వాగులన్నీ ఎండిపోయేవి, ఆ మడుగు ఒక్కటే మిగిలేది. ఏనుగు దాహమైనా పిట్ట దాహమైనా అక్కడే తీరాలి.

ఉన్న నీళ్ళు కొంచెం, తాగే నోళ్ళు బోలెడు. అందుకని ఏటా చలికాలం పోయేటప్పుడు జంతువులన్నీ కలిసి ఒక మడుగు పెద్దను ఎన్నుకోవాలి. ఎవరు ముందు తాగాలో, ఎవరు తరువాత తాగాలో చెప్పడం, ఒడ్డు చెడకుండా చూడడం ఆ పెద్ద పని.

ఎన్నుకునే పద్ధతి చాలా పాతది. మడుగు పక్క బండ మీద తాబేలు తాత కూర్చుంటాడు. ఒక్కొక్కరే వెళ్ళి ఆయనకు ఒక పేరు చెప్పాలి. ఆ పేరుకు కేటాయించిన గుంటలో ఆయన ఒక రేగుగింజ వేస్తాడు. ఆ తాతకు ఒకటే సూత్రం: "నోట వచ్చిన మాటే లెక్క." మనసులో ఏమనుకున్నావు, నవ్వులాటకు అన్నావా, ఆవలిస్తూ అన్నావా, అవేవీ ఆయనకు పట్టవు.

ఆ ఒడ్డునే గులకరాళ్ళ దిబ్బ మీద ఒక తీతువు పిట్ట కాపురముండేది. తీతువులు చెట్టెక్కి గూడు కట్టవు. నేల మీదే, రాళ్ళలో రాళ్ళలా కనిపించే గుడ్లు పెడతాయి. ఎవరు చూడక తొక్కినా అంతే సంగతులు. మడుగు పెద్ద ఎవరన్నది మిగతా అడవికి కాలక్షేపం కబురు. తీతువుకు మాత్రం అది తన పిల్లల బతుకు.

ఒక ఏడు అడవిపంది మడుగు పెద్ద అయింది. ఎలా అయిందంటారా? ఎన్నుకునే రోజు పంది చుట్టాలు తప్ప ఇంకెవరూ బండ దగ్గరికి రాలేదు, అలా అయింది! ఆ ఎండాకాలం పంది తన బలగాన్నంతా తెచ్చి ఒడ్డున పొర్లించింది. దిబ్బంతా తొక్కిసలాట. తీతువు గుడ్లలో ఒక్కటీ మిగల్లేదు.

తీతువు ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ఇక ఏడుపు రాక, అందరినీ అడగడానికి బయలుదేరింది.

ముందు లేడి దగ్గరికి వెళ్ళింది.

"ఆ పందా? దాని పేరెత్తకు! సిగ్గూ ఎగ్గూ లేని జన్మ" అని లేడి మండిపడింది.

"మరి ఎన్నుకునే రోజు రాలేదేం వదినా?"

"ఆ రోజు పడమటి గట్టున లేత పచ్చిక మొలిచిందమ్మా. ఎలా వదిలి వస్తాను?"

తరువాత కోతి దగ్గరికి వెళ్ళింది. "నన్నంటావేమిటి? పొద్దస్తమానం ఆ పందిని తిడుతూనే ఉన్నానుగా! ఇంకేం చెయ్యమంటావు?" అంది కోతి.

ఆఖరికి అడవిదున్న దగ్గరికి వెళ్ళింది. దున్న నెమరు ఆపకుండానే అంది: "ఎవరొచ్చినా ఆ తాను ముక్కలే. ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి?"

తీతువుకు ఒళ్ళు మండిపోయింది. "ఊడింది నీ పళ్ళు కాదు మామా, పగిలింది నా గుడ్లు!" అని అరిచి, అక్కణ్ణుంచి నేరుగా అడవికంతటికీ పెద్దదిక్కయిన ఏనుగవ్వ దగ్గరికి ఎగిరింది.

"అవ్వా, ఒక కట్టుబాటు పెట్టు. ఎన్నుకునే రోజు అందరూ రావాల్సిందే. వచ్చి పేరు చెప్పనివాళ్ళు ఎండాకాలమంతా అందరూ తాగాక మిగిలిన పాచినీళ్ళే తాగాలి."

ఏనుగవ్వ చెవులు విసురుకుంది. "కాళ్ళను లాక్కురావచ్చు తల్లీ. తలకాయల సంగతేమిటి?"

"ముందు కాళ్ళు రానివ్వు అవ్వా. తలకాయలు వాటి మీదే కదా ఉండేది, అవీ వస్తాయి" అంది తీతువు. పాపం, అప్పటికి దానికి లోకం తెలియదు.

అవ్వ కట్టుబాటు పెట్టింది. మళ్ళీ ఏడు ఎన్నుకునే రోజుకు అడవి అడవంతా కదిలి వచ్చింది. రావడమైతే వచ్చారు! ఒకరిది మూలుగు, ఒకరిది సణుగుడు. పాచినీళ్ళ భయంతో వచ్చిన మొహాలు అవి.

మడుగు పెద్దగా ఉంటామని ముగ్గురు బండెక్కారు. మొదట పంది. "నన్ను మీరెరుగుదురు" అని దిగిపోయింది. ఎరగడమే దాని చిక్కు. రెండోది ముళ్ళపంది. "నాకు మాట్లాడడం రాదు. పొద్దుగూకాక నాకు నిద్ర పట్టదు గనుక కాపలా కాస్తాను. ఒడ్డు తొక్కనివ్వను" అంది. అంతే, చప్పట్లు లేవు.

మూడోది నక్క. దాని పేరు గోముఖుడు. అది కొన్నాళ్ళుగా ప్రతి పొదా, ప్రతి చెట్టూ తిరిగి, జనం ఏమనుకుంటున్నారో చెవులు రిక్కించి విన్న నక్క.

"తాబేలు తాతా! ఇవాళ్టి నుంచి నేను గోముఖుణ్ణి కాను. నా పేరు 'ఎవడో ఒకడు'. అందరూ విన్నారుగా!" అంది వినయంగా.

అందరూ పకపకా నవ్వారు. తాత నవ్వలేదు. మూడో గుంటకు ఆ పేరే పెట్టాడు.

తీతువు ఒక్క ఉదుటున పైకి ఎగిరింది. "అర్రర్రే, వినండర్రా! ఇంత వయసొచ్చాక ఈ నక్క పేరెందుకు మార్చుకుంది? కాస్త ఆలోచించండి!" అని గొంతు చించుకుంది.

"అబ్బబ్బ, తీతువు అరిస్తే కీడంటారు. నోరు మూసుకోవే!" అన్నారంతా.

వరస మొదలైంది. లేడి పచ్చిక వైపు చూస్తూ, "ఎవడో ఒకడు, తొందరగా వెయ్యి తాతా" అంది. టక్కున గింజ పడింది. కోతి గోక్కుంటూ, "ఎవడో ఒకడు ఏడవనీ" అంది. గింజ పడింది. దున్న నెమరేస్తూ, "ఎవడో ఒకడు. తేడా ఏముంది?" అంది. గింజ పడింది.

తీతువు వరస పొడవునా ఎగురుతూ ఒక్కొక్కరి చెవి దగ్గరా మొత్తుకుంది. "అలా అనకండి! అది పేరు! నక్క పేరు!"

లేడికి విసుగొచ్చింది. "రమ్మన్నావు, వచ్చాం. ఇప్పుడు ఏమనాలో కూడా నువ్వే చెబుతావా? నీ పెత్తనం బాగానే ఉంది!"

తీతువు అరుపంతా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. తానే అడిగి పెట్టించుకున్న కట్టుబాటు, తన నెత్తికే చుట్టుకుంది.

పొద్దు వాలేసరికి తాత ప్రకటించాడు: "ఎవడో ఒకడు గెలిచాడు."

"ఎవడూ?" అన్నారంతా.

"ఎవడో ఒకడే" అన్నాడు తాత. నక్క బండెక్కి వంగి వంగి దండాలు పెట్టింది. అప్పుడు చూడాలి ఆ మొహాలు! "నేను కాదమ్మా అన్నది" అని ఒకరు, "నేనన్నది ఆ అర్థంలో కాదు" అని ఒకరు. తిలా పాపం తలా పిడికెడు పంచుకున్నవాళ్ళే, ఒక్కరూ పిడికిలి విప్పరు.

నక్క ఏలుబడి ఎలా ఉంటుందో చెప్పాలా? నీళ్ళు తాగాలంటే కోతి పళ్ళు తేవాలి. లేడి తన పిల్లను వెంట తెస్తే నక్క దాని వైపు చూసి పెదవులు నాక్కునేది. మడుగులో బురద పేరుకుపోయింది. ఒకనాడు నక్క దిబ్బ దగ్గరికి వచ్చింది. అప్పటికి తీతువు కొత్తగా గుడ్లు పెట్టి పొదుగుతోంది.

"పెద్దకు కానుక ఇవ్వడం మర్యాద. పున్నమి నాటికి వస్తాను, గుడ్లు జాగ్రత్తగా ఉంచు" అని చెప్పి వెళ్ళింది.

తీతువు మళ్ళీ అందరి దగ్గరికీ పరుగెత్తింది. అందరూ అయ్యో పాపం అన్నారు. నక్కను తిట్టని నోరు లేదు. తిట్టి తిట్టి, చివరికి దున్న అంది: "ఎవడో ఒకడు ఈ అన్యాయం ఆపాలి."

తీతువు కోపంతో ఏదో అనబోయింది. అనబోయి ఆగిపోయింది. ఆ మాట మళ్ళీ ఒకసారి లోపల అనుకుని చూసుకుంది. వెంటనే తాబేలు తాత దగ్గరికి ఎగిరింది.

"తాతా, నోట వచ్చిన మాట ఎన్నుకునే రోజే లెక్కా, ఎప్పుడూ లెక్కేనా?"

"మాటకు మంచిరోజూ చెడ్డరోజూ ఏమిటమ్మా? ఎప్పుడూ లెక్కే."

"అయితే రా" అంది తీతువు. దారిలో ఏనుగవ్వనూ పిలుచుకుంది.

ముగ్గురూ వెళ్ళేసరికి లేడి నీళ్ళలో మూతి పెట్టి ఛీ అంటోంది. "ఎవడో ఒకడు ఈ బురద ఎత్తిపోయకూడదూ!" అంది.

తాత ఒడ్డున కూర్చున్న నక్క వైపు తిరిగాడు. "విన్నావుగా. నీ పేరు పెట్టి చెప్పారు."

నక్క గతుక్కుమంది. "తాతా! అది మాటవరసకు అన్నారు!"

"నిన్ను ఎన్నుకున్నదీ మాటవరసకే" అన్నాడు తాత.

ఏనుగవ్వ తొండం ఎత్తి పక్కన నిలబడింది. ఇక తప్పుతుందా? నక్క నడుములు పడిపోయేదాకా బురద ఎత్తింది. మర్నాడు కోతి చెట్టు మీంచి, "ఎవడో ఒకడు ఆ దిబ్బ చుట్టూ కంప నాటకూడదూ, పాపం పిట్ట!" అంది. నక్క కాళ్ళ నిండా ముళ్ళు గుచ్చుకుంటూ కంప నాటింది. తన నోటికి అందకుండా గుడ్లకు తానే కంచె వేసుకుంది.

ఇంతలో ఒక చిరుత వచ్చి మడుగు ఒడ్డున తిష్ఠ వేసింది. జంతువులన్నీ గట్టు మీద గుంపుగా నిలబడిపోయాయి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు గానీ, అందరి నోటా ఒకేసారి వచ్చింది: "ఎవడో ఒకడు వెళ్ళి దాన్ని పొమ్మనాలి!"

"నేను గోముఖుణ్ణి! నా పేరు గోముఖుడు!" అని కేకలు పెడుతూ నక్క తోక ముడిచి పరుగు లంకించుకుంది. మళ్ళీ ఆ అడవిలో కనిపించలేదు.

చిరుత కదల్లేదు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అలవాటు కొద్దీ కోతి నోరు తెరిచింది గానీ ఏ పేరు చెప్పాలో తెలియలేదు. ఎవడో ఒకడు పారిపోయాడు కదా!

అప్పుడు ముళ్ళపంది ముళ్ళు నిక్కబొడుచుకుని ముందుకు నడిచింది. దాని వెనక దున్న కదిలింది. దున్న వెనక లేళ్ళు, కోతులు, ఏనుగవ్వ. అంతమంది ఒక్కటై వస్తుంటే చూసి చిరుత మెల్లగా లేచి తన దారిన పోయింది.

పెద్దను మళ్ళీ ఎన్నుకోవలసి వచ్చింది. అందరూ రావాలన్న కట్టుబాటు అలాగే ఉంచారు. తీతువు దానికి ఒక్క మాట కలిపించింది. పేరు చెప్పగానే తాత "ఎందుకు?" అని అడగాలి. జవాబు వచ్చాకే గింజ.

ఆ రోజు వరస ఎంతకూ కదల్లేదు. దున్న బండ దగ్గర నిలబడి, నెమరు ఆపి, చాలాసేపు ఆలోచించింది. వెనకవాళ్ళు గొణుగుతున్నా జరగలేదు. "ముళ్ళపంది. ఎందుకంటే, ఆవేళ నాకంటే ముందు నడిచింది" అంది. పందిని కోరినవాళ్ళూ కొందరున్నారు. వాళ్ళూ కారణం చెప్పారు, తాత వాళ్ళ గింజలూ వేశాడు. ముళ్ళపంది గెలిచింది.

గెలిచి నాలుగు రోజులైనా కాకముందే సణుగుడు మొదలు. "మాట కరుకు, మర్యాద తెలియదు!" అని. తీతువు తల పట్టుకుంది. అయితే ఈసారి ఆ సణిగేవాళ్ళు పొదల చాటున సణగలేదు. బండ దగ్గరికి వచ్చి ముళ్ళపంది మొహం మీదే అడిగారు. అది కరుకుగానే అయినా జవాబు చెప్పింది.

పున్నమి వచ్చింది. తీతువు గుడ్లు పగిలి పిల్లలు బయటికి వచ్చాయి. పొద్దున్నే కంచె సందుల్లోంచి దూరి నీళ్ళ వైపు పరుగెత్తాయి. ఎదురుగా దాహంతో వస్తున్న దున్న వాటిని చూసింది. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి, ఆ పిల్లలన్నీ దాటి వెళ్ళేదాకా ఆగి, పక్కకు జరిపి పెట్టింది.

బలవంతం కాళ్ళను రప్పిస్తుంది గానీ బుద్ధిని రప్పించలేదు. ఎవడైతేనేం అనుకునే చోట ఎవడో ఒకడే ఏలుతాడు.