కూర్మినాయుడి నోట రాని మాట

అండమాన్‌లో ఒక చిన్న దీవిలో కొబ్బరితోట చూసుకునే కూర్మినాయుడికి "తెలియదు" అన్న మాట చచ్చినా నోట్లోంచి వచ్చేది కాదు. పదేళ్ళ నుంచి అక్కడే ఉంటున్నాడు. తోటకీ ఇంటికీ మధ్య తప్ప ఎటూ తిరిగేవాడు కాదు. అయినా ఎవరేమడిగినా ఠపీమని జవాబు చెప్పేసేవాడు. ఆ జవాబు నిజమా కాదా అంటారా? ఆ బెంగ ఆ మహానుభావుడికి లేదు.

ఒకసారి అతన్ని చూడటానికి చిన్ననాటి స్నేహితుడు పైడిరాజు ఓడెక్కి వచ్చాడు. పైడిరాజు సోంపేటలో బట్టలు కుట్టేవాడు. పాపం, ఈత రాదు. కానీ వాడి దగ్గరున్నన్ని ప్రశ్నలు ఊరందరి దగ్గరా కలిపినా ఉండవు. ఒడ్డున కాలు పెట్టాడో లేదో, మొదలెట్టాడు.

"ఒరే కూర్మీ, ఈ ఇసుక ఇంత తెల్లగా ఉందేమిట్రా? మన బారువ సముద్రపు ఒడ్డున ఇసుక ఇలా ఉండదే!"

"అదా? సముద్రంలో ఉప్పు ఎండి ఇసుకలో కలిసింది, అంతే."

పైడిరాజు చటుక్కున వంగి చిటికెడు ఇసుక నాలుక మీద వేసుకున్నాడు. "అవునురోయ్, ఉప్పగానే ఉంది!" అన్నాడు.

సముద్రపు ఒడ్డున ఇసుక ఉప్పగా కాక తియ్యగా ఉంటుందా? ఆ అనుమానం వాడికి రాలేదు. స్నేహితుడు చెప్పాడు, నమ్మేశాడు.

మర్నాడు చిన్న పీత ఒకటి ఎవరిదో పాత గవ్వను వీపున వేసుకుని పోతూ కనిపించింది. "అందులో ఎందుకు దూరిందిరా?" అని అడిగాడు పైడిరాజు.

"చలికి," అన్నాడు కూర్మినాయుడు.

"ఇంత ఉక్కలో చలేమిట్రా?"

"మనకు ఉక్క. పీతకు చలి. నీకేం తెలుసు?"

అదీ నమ్మేశాడు.

మూడోరోజు పొద్దున్న సముద్రం బాగా వెనక్కి తీసింది. ఎదురుగా చెట్లతో నిండిన చిన్న దిబ్బ ఒకటి ఉంది. దీవి నుంచి దాని దాకా తెల్లటి ఇసుక దారి తేలింది. పైడిరాజు కళ్ళు మెరిశాయి.

"అటు నడిచి వెళ్ళొచ్చా?"

"ఓ, హాయిగా!"

"నీళ్ళు మళ్ళీ ముంచుకురావు కదా?"

కూర్మినాయుడు ఆ దిబ్బ మీద ఏనాడూ కాలు పెట్టలేదు. పక్కనే వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళను అడిగితే చెప్పేవారు. కానీ పదేళ్ళ నుంచి ఉంటున్నవాడు ఈపాటి సంగతి అడిగితే నవ్వరూ? "సాయంత్రం దాకా రావు, నడు," అన్నాడు.

ఇద్దరూ వెళ్ళారు. పైడిరాజు ప్రతి గవ్వనూ తిప్పి చూశాడు, ప్రతి చెట్టు పేరూ అడిగాడు. కూర్మినాయుడు అడిగిన ప్రతి చెట్టుకూ ఒక పేరు పెట్టేశాడు. మిట్టమధ్యాహ్నం తిరిగొచ్చి చూస్తే ఇసుక దారి లేదు! దీవికీ దిబ్బకీ మధ్య సముద్రం నిండుగా ఉంది.

"సాయంత్రం దాకా రావన్నావు కదరా!" అన్నాడు పైడిరాజు. తర్వాత తనే సర్దుకుని లుంగీ ఎగ్గట్టాడు. "సర్లే. ఇందాకటి దారి ఎటో చూపించు. నువ్వు చెప్పిన చోటే దిగుతాను," అంటూ ఒక కాలు నీళ్ళలో పెట్టాడు.

కూర్మినాయుడి చెయ్యి అలవాటుగా కుడివైపు లేచింది. అటు నీళ్ళు అలలు లేకుండా నెమ్మదిగా కనిపించాయి. అంతలో స్నేహితుడి మొహం చూశాడు. చలేసే పీతను నమ్మినట్టే, ఇప్పుడూ నమ్మి చూస్తున్నాడు ఆ వెర్రి నాగన్న! తను ఎటు చూపిస్తే అటు దిగేస్తాడు, ఈత రానివాడు. కూర్మినాయుడు ఎత్తిన చెయ్యి దించేశాడు.

"తెలియదురా," అన్నాడు.

"ఏమిటీ?"

"నాకు తెలియదు. దారి తెలియదు. నీళ్ళు ఎప్పుడు తీస్తాయో తెలియదు. ఈ దిబ్బ మీదకు నేనూ ఇవాళే రావడం. దిగకు, నీకు దణ్ణం పెడతాను!"

పైడిరాజు గబుక్కున కాలు వెనక్కి లాక్కున్నాడు. తిట్టినన్ని తిట్లు తిట్టాడు. తర్వాత ఇద్దరూ రాలిన కొబ్బరికాయ ఒకటి రాతికేసి కొట్టుకుని, చెరి సగం తిని, చెట్టు నీడన కూర్చున్నారు.

పొద్దు వాలే వేళకు నీళ్ళు తీశాయి. తెల్లటి దారి మళ్ళీ తేలింది, ఎడమవైపు! కుడివైపు మాత్రం నీళ్ళన్నీ తీశాక కూడా నల్లటి మడుగు మిగిలింది. అడుగు కనిపించలేదు.

"ఇందాక అటేనా నువ్వు చూపించబోయింది?" అన్నాడు పైడిరాజు.

కూర్మినాయుడు తల ఊపాడు. స్నేహితుడి చెయ్యి గట్టిగా పట్టుకుని ఒడ్డు చేరేదాకా వదల్లేదు. చేరీ చేరగానే వలలవాళ్ళ దగ్గరకు నడిచాడు. "ఈ ఇసుక ఎందుకు తెల్లగా ఉంటుందయ్యా? నాకు తెలియదు," అని అడిగాడు.

వాళ్ళు నవ్వనే నవ్వారు. "పగడపు రాళ్ళు అరిగి ఇలా అవుతాయండీ. ఆ రాళ్ళను కొరికి తినే చేపలుంటాయి. వాటి పెంట కూడా ఇందులో బోలెడు," అన్నారు.

మొదటిరోజు ఇసుక రుచి చూసిన పైడిరాజు "థూ! థూ!" అంటూ నీళ్ళకోసం పరిగెత్తాడు.

తెలియనిది తెలియదంటే మహా అయితే నలుగురు నవ్వుతారు. తెలిసినట్టు చెబితే మనల్ని నమ్మినవాళ్ళు మునుగుతారు.