కట్టెకు కట్టిన తాయెత్తు

మద్దిలేటి చేతిలోంచి చెంబు జారి పడింది. నిండు చెంబు కూడా కాదు, సగానికి నీళ్ళున్న చెంబు.

గుండ్లకొండ చుట్టుపక్కల పది ఊళ్ళలో ఎక్కడ బండ పగలాలన్నా మద్దిలేటి రావాల్సిందే. పదహారేళ్ళప్పుడు సమ్మెట పట్టినవాడు, నలభై ఆరు దాటినా దించలేదు. అందరి సమ్మెటలకూ వెదురు కట్టె ఉంటే, అతని సమ్మెటకు మాత్రం ఇనప గొట్టం. వెదురు కట్టె నెలకొకటి విరుగుతుంది. మళ్ళీ వెతకాలి, చెక్కాలి, ఆముదం పట్టించాలి. ఈ గోలంతా ఎవడు పడతాడని నాలుగేళ్ళ కిందట గొట్టం బిగించాడు. అది ఇంతవరకూ విరగలేదు. ఊరు అతనికి ఇనప మద్దిలేటి అని పేరు పెట్టింది. ఆ పేరు చెవిన పడ్డప్పుడల్లా మీసం చాటున నవ్వుకునేవాడు.

మొదట మణికట్టు లాగింది. తర్వాత మోచేయి. ఇప్పుడు భుజం. వావిలాకు కాపడం పెట్టించుకున్నాడు. జిల్లేడాకు వెచ్చచేసి కట్టుకున్నాడు. టౌనుకు పోయి సూదులు కూడా వేయించుకున్నాడు. డాక్టరు కొన్నాళ్ళు పని మానెయ్యమన్నాడు. "మానేస్తే తినేదేంది సారూ, ఈ సూదులా?" అని లేచి వచ్చేశాడు.

చెంబు పడ్డ చప్పుడుకు భార్య తిరుపాలమ్మ వంటింట్లోంచి వచ్చింది. కింద నీళ్ళు చూసింది, మొగుడి చెయ్యి చూసింది.

"చెంబు పట్టలేనోడివి, రేపు బావిలో దిగి ఏం పట్టుకుంటావు?" అంది.

మద్దిలేటి వంగి ఎడమచేత్తో చెంబు తీసి పక్కన పెట్టాడు.

సంగతేమిటంటే, ఊరు నడుమ కొత్త బావి తవ్వుతున్నారు. పాతది ఎండి రెండేళ్ళయింది. ట్యాంకరు వారానికి రెండుసార్లు వస్తుంది. వచ్చిన రోజు బిందెలకంటే కొట్లాటలెక్కువ. ముప్పై అడుగులు తవ్వేసరికి ఏనుగంత బండ అడ్డం పడింది. మందు పెట్టి పేల్చుదామంటే చుట్టూ ఇళ్ళు, గోడలు నిలవవు. మిషను తెద్దామంటే సందు పట్టదు. పెద్దలు కూర్చుని, పున్నమిలోగా బండ పగలకపోతే గుంత పూడ్చేద్దాం, పిల్లోళ్ళు పడతారు అని తేల్చేశారు. అప్పుడు మద్దిలేటి లేచి నిలబడి, "పున్నమిలోగా నేను పగలగొడతా, ఎవరూ పలుగు ముట్టొద్దు" అన్నాడు.

ఆ మాట అన్న మూడో రోజు చెంబు జారింది. పున్నమికి ఇంకా తొమ్మిది రోజులుంది.

సమ్మెట ఎడమ భుజాన వేసుకుని గురువు దగ్గరికి బయలుదేరాడు.

మద్దిలేటి గురువు పేరు లక్కమ్మ. డెబ్బై దాటిన మనిషి. ముప్పై ఏళ్ళు రోడ్డు పక్కన కూర్చుని కంకర కొట్టింది. ఆ కంకర కుప్ప దగ్గరే దారిన పోయే సాధువు ఎవరో ఆమెకు బోధ చెప్పి పోయాడంటారు. ఇప్పుడు పున్నమి పున్నమికీ ఆమె ఇంటి ముందు నలభై మంది కూర్చుని తత్వాలు పాడతారు. ఆమె విభూతి ఇవ్వదు, తాయెత్తు కట్టదు, చెయ్యి చూసి చెప్పదు. ఏదైనా అడిగినవాళ్ళకు ముందు మజ్జిగ ఇస్తుంది.

మద్దిలేటి పోయేసరికి పంచలో కూర్చుని చిన్న సుత్తితో చింతపండు కొడుతోంది. గింజలు ఒకవైపు, పండు ఒకవైపు. ఎండు కొమ్మల్లాంటి చేతులే గానీ, దెబ్బ దెబ్బకూ ఒక గింజ బయటికి రావాల్సిందే.

మజ్జిగ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని తాగాడు మద్దిలేటి. అది ఆమె చూసింది.

"అమ్మా, నాకో తాయెత్తు కట్టు," అన్నాడు.

"నేను కట్టనని నీకు తెలుసు కదరా?"

"తెలుసమ్మా. ఇంక ఎవరి దగ్గరికీ పోయేది లేక వచ్చినా. పున్నమిదాకా ఈ చెయ్యి పని చేస్తే చాలు. తర్వాత ఇరిగిపోయినా పర్వాలేదు."

చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. మద్దిలేటికి ఏడుపు వచ్చిందంటే ఊళ్ళో ఎవరూ నమ్మరు. లక్కమ్మ మాత్రం చూసీ చూడనట్టు గింజలు పక్కకు తోసింది.

"సరే, కడతా. ముందు నీ సమ్మెట కొసన పట్టుకుని కళ్ళు మూసుకో."

పట్టుకున్నాడు. మూసుకున్నాడు. ఆమె చింతపండు సుత్తితో సమ్మెట తల మీద ఒక్క దెబ్బ వేసింది. గట్టిగా కూడా కాదు, గింజ మీద వేసినంతే. మద్దిలేటికి మోచేతి నుంచి మెడ దాకా జివ్వుమంది. గొట్టం వదిలేసి చెయ్యి పొట్టకు అదుముకున్నాడు.

"ఆ గొట్టం ఊడగొట్టు," అంది లక్కమ్మ.

ఆమె లోపలికి పోయి చూరు కింద దోపిన కట్టె ఒకటి లాగి తెచ్చింది. బొటనవేలంత లావు వెదురు. ఆముదం తాగి తాగి నల్లబడింది. రెండు కొసలూ పట్టుకుని వంచితే విల్లులా వంగింది. మద్దిలేటి గొట్టం ఊడదీసేసరికి, ఆమె దాన్ని సమ్మెట తలకు దూర్చి బిగించి అతని చేతికిచ్చింది.

"మళ్ళీ మూసుకో."

మద్దిలేటి పళ్ళు బిగించి, కళ్ళు మూసుకుని దెబ్బ కోసం కాచుకున్నాడు. కాసేపు చూశాడు. ఇంకాసేపు చూశాడు.

"కొట్టమ్మా."

"కొట్టినా."

కళ్ళు తెరిచాడు. సమ్మెట తల ఇంకా సన్నగా ఊగుతోంది.

"ఏదో కట్టె కదిలినట్టుంది అంతే," అన్నాడు నెమ్మదిగా.

ఆమె చింతపండు గోతానికి కట్టిన పురికొస తెంపి చేతిలోకి తీసుకుంది. మద్దిలేటి కుడి చెయ్యి చాచాడు. ఆమె ఆ చెయ్యి పక్కకు తోసి, పురికొసను కట్టెకు మూడు చుట్లు చుట్టి ముడేసింది.

"నా చేతికి కదమ్మా కట్టమన్నది?"

"దెబ్బ తినేది ఎవరైతే వాళ్ళకి కట్టినా," అంది లక్కమ్మ. మళ్ళీ సుత్తి అందుకుంది.

మద్దిలేటి ఇంటికైతే వచ్చాడు గానీ మనసు వెంట రాలేదు. అది మగాళ్ళ సమ్మెటలకుండే లావు వెదురు కాదు, ఆడవాళ్ళు కంకర కొట్టే సన్న కట్టె. దాన్ని పట్టుకుని నడివీధిలో నడవాలంటే అతనికి తల కొట్టేసినట్టుంది. తెల్లారి బావి దగ్గర అనుకున్నంతా అయింది. ఒడ్డున కూర్చున్నవాళ్ళు చూసి ఊరుకుంటారా?

"ఇనప మద్దిలేటి పోయి పుల్ల మద్దిలేటి వచ్చినాడే," అన్నాడొకడు.

"కంకర కొడతావా మామా, గంపలు తెమ్మంటావా?" అన్నాడు ఇంకొకడు.

మద్దిలేటి చెవులు ఎర్రబడ్డాయి. తాడు పట్టుకుని దిగిపోయాడు.

బావిలో తోడు సుంకన్న ఉన్నాడు. ఇరవై ఏళ్ళుగా మద్దిలేటి వెంట ఉన్నవాడు. అతని పనల్లా బండ మీద పలుగు నిలబెట్టి పట్టుకోవడం, దాని నెత్తిన సమ్మెట వేసేది మద్దిలేటి. మద్దిలేటి చేపట్టిన బండ మీద ఇంకో మనిషి దెబ్బ పడకూడదు, అదొక పట్టుదల. బండ చీలాలంటే దానిమీద వరసగా పద్నాలుగు తూట్లు తొలవాలి. తూట్లలో ఇనప చీలలు నిలబెట్టి దిగ్గొట్టాలి. అన్ని చీలలూ ఒకేసారి బిగిస్తే బండ విచ్చుకుంటుంది.

ఆ రోజు ఒక్క తూటు కూడా సరిగా పడలేదు. నాలుగేళ్ళుగా గొట్టానికి అలవాటు పడ్డ చేతికి ఊగే కట్టె లొంగక, సమ్మెట పలుగు మీద పడకుండా పక్కకు పోతోంది. రెండుసార్లు సుంకన్న చెయ్యి లాక్కున్నాడు కాబట్టి సరిపోయింది. రెండో రోజూ అంతే. పైనుంచి నవ్వులు కూడా తగ్గిపోయాయి. అది ఇంకా ఘోరం. మనిషి మీద ఆశ వదిలేసుకున్నాక జనం నవ్వడం కూడా మానేస్తారు. మూడో రోజు మద్దిలేటి మనసులో అనేసుకున్నాడు, రేపు గొట్టమే బిగిస్తా, చెయ్యి పోతే పోనీ.

అప్పుడు బావి ఒడ్డున నీడ పడింది. లక్కమ్మ చేతికర్ర ఊతంగా నిలబడి లోపలికి చూస్తోంది. అతను సమ్మెట ఎత్తాడు, వేశాడు. మళ్ళీ ఎత్తాడు, వేశాడు. పిడికిళ్ళు తెల్లగా పాలిపోయాయి.

"మద్దిలేటీ," అంది పైనుంచి. "బిగించి పట్టుకుంటే వెదురూ ఇనుమేరా."

వచ్చినంత నెమ్మదిగా వెళ్ళిపోయింది.

మద్దిలేటి తన చేతుల వంక చూసుకున్నాడు. వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశాడు. విడదీస్తూంటే తెలిసింది ఎంత బిగబట్టాడో. కట్టెను అరచేతిలో వదులుగా ఆనించుకుని, సమ్మెట తల బరువుకు దాన్నే దిగనిచ్చాడు. దెబ్బ పలుగు నడినెత్తిన పడింది. కట్టె వంగి, వణికి, ఊగింది. ఊగడం అయ్యేదాకా రెండో దెబ్బ వేయడానికి వీల్లేదు, వేస్తే పక్కకు పోతుంది. ఆగాడు. ఆగినంతసేపు ఊపిరి తీసుకున్నాడు. ముప్పై ఏళ్ళలో రెండు దెబ్బల నడుమ ఊపిరి తీసుకోవడం అతనికదే మొదలు.

సాయంత్రానికి మూడు తూట్లు పడ్డాయి. మోచేయి నొప్పి పెట్టింది గానీ జివ్వుమనలేదు. ఇంటికి వచ్చి కాపడం పెట్టించుకుని అన్నం తిన్నాడు. కుడిచేత్తోనే తిన్నాడు. తిరుపాలమ్మ ఇంకో ముద్ద వడ్డించింది.

తర్వాతి మూడు రోజుల్లో మిగతా పదకొండు తూట్లూ అయ్యాయి. అదెలా జరిగిందో చెప్పాలి. అయిదో రోజు మద్దిలేటి దెబ్బ వేసి, కట్టె ఊగి ఆగేదాకా నిలబడి ఉంటే, ఆ సందులో ఖాళీగా ఉన్న పలుగును చూసి సుంకన్నకు చెయ్యి ఊరుకోలేదు. పలుగును మోకాళ్ళ నడుమ ఇరికించుకుని, మూలనున్న రెండో సమ్మెట అందుకుని ఒకటి వేసేశాడు. వేశాక బిక్కచచ్చిపోయాడు. మద్దిలేటి వాడి ముఖంలోకి చూశాడు.

"నీకు దెబ్బ వేయడం ఎప్పుడొచ్చిందిరా?"

"ఇరవై ఏళ్ళు చూసినా కదన్నా."

"పైనుంచి ఇంకోణ్ణి పిలువు, పలుగు పట్టుకునేదానికి," అన్నాడు మద్దిలేటి.

అప్పట్నుంచీ అతని దెబ్బ, సుంకన్న దెబ్బ. ఒకరు ఊపిరి తీసుకునేలోగా ఇంకొకరు. కింద ఆ మోత ఆగకుండా నడుస్తూంటే పైన జనం మళ్ళీ పోగవడం మొదలుపెట్టారు. వేళాకోళాలు మాత్రం లేవు.

ఏడో రోజు చీలలు నిలబెట్టారు. మొదటి చీల నుంచి పద్నాలుగో చీల దాకా తలా ఒక దెబ్బ. మళ్ళీ మొదటినుంచి. ఎండ బావి నడిమికి దిగింది. చీలలు గణగణమంటున్నాయి. పన్నెండో విడత వేస్తూంటే ఏడో చీల మోత మారింది, గొంతు బొంగురుపోయినట్టయింది. మద్దిలేటి సమ్మెట పక్కన పెట్టి, చెయ్యెత్తి సుంకన్నను ఆపాడు.

"ఇంకొక్కటి వేద్దామన్నా," అన్నాడు సుంకన్న.

"వద్దు. దానికి చాలు."

పలుగు పట్టడానికి దిగినవాడితో సహా ముగ్గురూ బావి గోడకు ఆనుకుని నిలబడ్డారు. బండ లోపలెక్కడో టక్కుమంది. ఏడో చీల దగ్గర వెంట్రుకంత గీత పుట్టింది. అటూ ఇటూ పాకింది. కాసేపటికి బండ మొత్తం పెద్ద నిట్టూర్పు విడిచినట్టు రెండుగా విడిపోయింది. ఆ చీలికలోంచి సన్నగా, చల్లగా నీళ్ళు. మద్దిలేటి మోకాళ్ళ మీద కూలబడి రెండు దోసిళ్ళు ముఖాన కొట్టుకున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో సుంకన్నకు కూడా తెలియలేదు.

పైన ఆడవాళ్ళు ఈలలు వేశారు. గుండ్లకొండలో ఆడవాళ్ళు ఈలలు వేయడం అంతకుముందు ఎవరూ వినలేదు.

రెండు రోజులు ఊరు ఊరంతా తాళ్ళు పట్టి బండ ముక్కలు పైకి లాగింది. పున్నమి నాటి పొద్దుటికి బావిలో నడుములోతు నీళ్ళు నిలిచాయి. బిందెలు వరసగా నిలబడ్డాయి, కొట్లాట లేదు. మద్దిలేటికి పూలదండ వేయబోతే సుంకన్న వైపు చూపించాడు. చివరికి ఇద్దరికీ కలిపి ఒకే దండ వేశారు, పెనుగులాటలో అది తెగింది.

ఆ సందట్లోనే లక్కమ్మ చంకన బిందెతో వచ్చింది, అందరిలాగే వరసలో నిలబడింది. మద్దిలేటి పరుగున పోయి కాళ్ళకు మొక్కి, బిందె తీసుకుని తానే చేదాడు. పైకి తెచ్చేటప్పుడు భుజం ఒకసారి కలుక్కుమంది. పళ్ళు కరుచుకోలేదు. ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ లాగాడు.

"చెయ్యి ఎట్లుందిరా?" అంది లక్కమ్మ.

"నొప్పి ఉండాదమ్మా."

"బండ?"

మద్దిలేటి వెనక్కి తిరిగి బావిలోకి చూశాడు. లోపల నీళ్ళ మీద ఆకాశం కదులుతోంది.

"లేదమ్మా."

ఆమె బిందె చంకన పెట్టుకుంది.

"అయితే పోయి అన్నం తిను."