దివాను గారి తిరగలి

దివాను భుజంగరావుకు అన్నం సయించడం లేదు. రొట్టెలమ్మే పోలమ్మ తిరగలి జొన్నల్ని మెత్తటి పిండి చేస్తుంటే, తన ఇంటిది రవ్వ రాలుస్తోంది! కడుపుమంట ఆగక, భటుల చేత ఆమె తిరగలి ఎత్తించుకొచ్చి, తనది ఆమె వాకిట్లో పడేయించాడు.

రెండు నెలలకు ఆ ఎత్తించుకొచ్చిన తిరగలీ రవ్వే రాల్చింది. పోలమ్మ రొట్టెలు మాత్రం మళ్ళీ దూదిలా ఉన్నాయి.

దివాను ఆమెనూ, ఆమె ఇంట్లోని తిరగలినీ రాజుగారి సభకు లాక్కొచ్చాడు. "మంత్రగత్తె, ప్రభూ! దీన్ని ఊరి నుంచి వెళ్ళగొట్టి, ఈ కొత్త తిరగలి నాకిప్పించండి!"

"కొత్తదెక్కడిది బాబూ? తిరగేసి చూడండి," అంది పోలమ్మ.

అడుగున దివాను పేరే చెక్కి ఉంది.

"మరి మంత్రమేమిటే?" అన్నాడు రాజు.

పోలమ్మ కొంగులోంచి ఉలి తీసింది. "అరిగిన రాయికి నెలకోసారి దీంతో గాట్లు పెడతాను మారాజా. తిరగలి మోయించుకెళ్ళిన బాబు దీని ఊసే ఎత్తలేదు."

రాజు పక్కున నవ్వి, దివాను ఇంట్లో ఉన్న ఆమె తిరగలి ఆమెకిప్పించాడు. దివాను కళ్ళు మాత్రం అప్పటికే ఉలి మీద పడ్డాయి.