పేరిందేవి పొత్తుల నోము కథ

పూర్వము గౌతమీ తీరమున తపస్సు చేసికొనుచున్న సువర్చసుడను ముని, తన ఆశ్రమమునకు వచ్చిన శతధృతి మహర్షికి అర్ఘ్యపాద్యములిచ్చి ఇట్లడిగెను. "స్వామీ! సంతు లేనివారికి, సంపద లేనివారికి నోములు కలవని వింటిని. పలకరించు మనిషి లేనివారికి ఏ నోము కలదు?"

మహర్షి ఇట్లు చెప్పసాగెను.

గౌతమీనది పాయల నడుమ పూలతిప్ప అను లంకగ్రామము కలదు. ఆ యూరి స్త్రీలు ప్రతి శుక్రవారము మధ్యాహ్నము పాకలో మండలిగా కూడి, గౌరీదేవికి దీపము పెట్టి, తుంగచాపలు అల్లుచుండిరి. పని తెలిసినది తెలియనిదానికి నేర్పెడిది. మగ్గమునకు ఒకవైపున ఒకతె తుంగపుల్ల దూర్చగా, మరొకతె అచ్చు అను పలకను లాగి బిగించెడిది. చేతులతో పాటు నోళ్లును ఆడుచుండెను. దీనినే వారు పొత్తుల నోమనిరి. తలుపులమ్మ అను వృద్ధురాలు వారికి పెద్ద.

ఆ యూరికి పేరిందేవి అను పిల్ల కోడలై వచ్చెను. ఆమె భర్త వీరాస్వామి సరకుల పడవ నడుపువాడు. పడవ ఎక్కినచో నెలల తరబడి ఇంటికి రాడు. అత్తమామలు లేరు. ఇల్లు ఊరి చివర, రెల్లుపొదల దాపున నుండెను.

తలుపులమ్మ ఆమె గుమ్మము కడకు వచ్చి, "ఏవమ్మా, ఒక్కదానివీ ఇంట్లో ఏం చేత్తావు? మా పాకలోకి రారాదా?" అని పిలిచెను.

"నాకేవీ రాదండి. నన్ను చూసి నవ్వుతారు," అని పేరిందేవి తలుపు చేరవేసెను. పిలిచినను రాకపోయెను.

అంతట వానకాలము వచ్చెను. పేరిందేవి జ్వరమున పడెను. దాహము వేసినపుడు నేలమీద ప్రాకుచు కుండ కడకు పోయెను. తాను అక్కడ పడియున్నట్లు ఊరిలో ఎవరికిని తెలియదని తలచి, జ్వరముకంటె ఆ తలపునకే ఎక్కువ వణకెను. లేచి నడువగలిగిన తరువాతి శుక్రవారము, సిగ్గుపడుచునే పాకకు పోయెను. ఎవరును నవ్వలేదు. తలుపులమ్మ ఆమె వ్రేళ్లు పట్టి పని నేర్పెను.

గౌరీకటాక్షమున ఆమె చేతికి నేర్పు అబ్బెను. ఎఱ్ఱరంగు అద్దిన తుంగతో హంసలబారు అల్లగా, పై ఊళ్లవారు సయితము పెండ్లిపీటల మీదికి ఆమె చాపనే కోరిరి. ఆ పొగడ్తలకు పేరిందేవి మనసు మారెను. నలుగురి నడుమ కూర్చున్నచో తన పేరు నలుగురి పాలగునని తలచి, ఇంటనే మగ్గము వేసికొనెను.

"ఈ మధ్య రావటం మానేశావేంటే?" అని తలుపులమ్మ అడిగెను.

"తీరిక లేదండి," అనెను. పిలిచినను రాకపోయెను.

ఒంటిగా పుల్ల దూర్చి, లేచి ఆవలికి పోయి, అచ్చు లాగి, మరల ఈవలికి వచ్చుచుండెను. అంచులు వంకరపోయెను. కోరువారు తగ్గిరి. అంతలో గౌతమికి వరద వచ్చి వీరాస్వామి పడవ మునిగెను. ఒడ్డునకు అతని తలగుడ్డ మాత్రమే చేరెను.

కర్మలు ముగిసి చుట్టములు వెడలిపోయిరి. మండలి స్త్రీలు వచ్చి తలుపు తట్టిరి. వారి ముఖము చూడలేక పేరిందేవి లోపలనే ఊపిరి బిగబట్టి కూర్చుండెను. వారు చాలసేపు నిలిచి వెడలిపోయిరి. ఆ అడుగుల చప్పుడు దూరమగుట వినుచు ఆమె ఏడ్చెను గాని పిలువలేదు.

పిదప ఆమెకు దినములన్నియు ఒక్కటే అయ్యెను. అలవాటున ఇద్దరికి వండి, ఒకరి అన్నము కాకులకు వేసెడిది. ఒకనాడు బాటసారి యొకడు వచ్చి, "అమ్మా, రేవుకు దారెటు?" అని అడిగెను. చెప్పబోగా ఆమెకు గొంతు పెగలలేదు. మాట మరచిన నోటిని చేతితో తడుముకొని భయపడెను.

ఆ శుక్రవారమే పాక కడకు పోయెను. లోపల నవ్వులు వినబడెను. తనకు అర్హత లేదని తలచి వెనుదిరిగెను.

"పేరిందేవీ! ఎండలో నిలబడ్డావేంటే, లోపలికి రా," అని తలుపులమ్మ కేక వేసెను.

భర్త పోయిన పిమ్మట ఆమెను పేరు పెట్టి పిలిచినవారు లేరు. పేరిందేవి గుమ్మముననే కూలబడి బిగ్గరగా ఏడ్చెను. ఎవరును ఏమియు అడుగలేదు. పక్కకు జరిగి చోటిచ్చిరి.

"నా తలుపు నేనే వేసుకున్నానండి," అనెను.

"తెలుసులేవే. ముందు మంచినీళ్లు తాగు," అనెను తలుపులమ్మ.

అంతట సువర్చసుడు, "స్వామీ! వీరాస్వామి తిరిగి వచ్చెనా?" అని అడిగెను.

"రాలేదు," అనెను మహర్షి. "పోయినవారిని ఈ నోము తేజాలదు. ఆమె ఇల్లు సందెవేళ నేటికిని నిశ్శబ్దమే. చేతిపని తిరిగి వచ్చెను, తిండికి లోటు తీరెను. అయినను అసలు ఫలము వేరు. ఒంటిగా దీపము పెట్టుకొనునపుడు, వచ్చే శుక్రవారము చెప్పుకొనుటకు ఆమెకొక మాట మిగిలియుండును."

కావున ఈ నోమును కొత్త కోడలు పట్టవచ్చును, ముత్తైదువ పట్టవచ్చును, భర్త పోయిన స్త్రీయు పట్టవచ్చును. పని రానిదానికి పని అబ్బును, వచ్చినదానికి గర్వము తొలగును, దిక్కులేనిదానికి తోడు కలుగును. కథ చెప్పుటలో మాట జారినను గౌరీదేవి మన్నించుగాక. విన్నవారు చేతిలోని అక్షతలు తమ తలపై గాక, పక్కన కూర్చున్నదాని తలపై వేయవలెను. ఈ నాడు రానిదాని ఇంటికి ప్రసాదము ఇతరులచే పంపరాదు. తామే తీసికొనిపోయి, తలుపు తెరచువరకు పేరు పెట్టి పిలువవలెను.