నూకాలు ఒప్పుకున్న గోడ

అనగనగా ఓ కొండవాలు ఊరు. ఎప్పుడంటారా? మా అవ్వకి వాళ్లవ్వ చెప్పేనాటికే అది పాతకథ, ఇంక మీరే చూసుకోండి. ఆ ఊరి చివర, గెడ్డ ఒడ్డున, అదే కొండవాగు ఒడ్డున, వరసగా పన్నెండు ఇళ్లు. ఆఖరిది నూకాలుది. కుమ్మరి వాళ్లకి మట్టి తొక్కి బతికే మనిషి. ముప్పై ఏళ్లుగా పొద్దస్తమానం తొక్కుడే తొక్కుడు.

ఆ ఒడ్డు ఏటేటా జారిపోతోంది. ఇళ్లు గెడ్డలో పడకుండా ఊరంతా కలిసి రాతిగోడ కట్టారు. వానొచ్చింది, గోడ బోర్లాపడింది.

"రాళ్లు చిన్నవైపోయాయి" అన్నాడు అప్పలస్వామి మేస్త్రి. మీసం మెలేసి, బండల్లాంటి రాళ్లతో కట్టాడు. వానొచ్చింది, గోడ బోర్లాపడింది. ఈసారి మరీ తొందరగా!

"దిష్టి తగిలింది" అన్నారు పెద్దలు. గుమ్మడికాయ వేలాడదీసి, ఇంకా ఎత్తుగా, ఇంకా బరువుగా కట్టించారు. వానొచ్చింది, గోడ బోర్లాపడింది. పోతూ పోతూ నూకాలు వంటిల్లు కూడా పట్టుకుపోయింది. గుమ్మడికాయకి మాత్రం గీత పడలేదు సుమండీ!

"ఇంక మనవల్ల కాదు. వచ్చే వానలకి ముందే ఈ ఇళ్లు ఖాళీ చేసెయ్యండి" అనేశాడు ఊరి నాయుడు.

నూకాలు ఊరుకుంటుందా? తన చేత్తో గోడలు మెత్తుకున్న ఇల్లది. వదిలేసి ఎక్కడికి పోతుంది? చీర ఎగ్గట్టి పునాది గోతిలోకి దిగింది. మడమతో ఒక్క తొక్కు తొక్కింది. చీలమండ దాకా దిగబడింది. పకపకా నవ్వింది.

"మేస్త్రి బావా! ఇది కుండకి పనికొచ్చే మెత్తటి బంకమన్ను. నువ్వేమో దీని మీద ఏనుగుని నిలబెడుతున్నావు!"

"మట్టి తొక్కుకునేదానివి, నాకు గోడ కట్టడం నేర్పుతావేటే?"

"నేర్పన్లే. చెప్పులిప్పి ఓసారి దిగు."

వింటాడా? కిర్రుచెప్పులతోనే దిగాడు. మోకాలి దాకా కూరుకుపోయాడు. నలుగురు పట్టి లాగితే కాళ్లొచ్చాయి, చెప్పులు రాలేదు. ఊరంతా ఒకటే నవ్వు. మేస్త్రి కూడా నవ్వేశాడు, ఇంకేం చేస్తాడు!

"తవ్వండి" అంది నూకాలు. నిలువులోతు తవ్వారు. తొక్కింది. "ఊహుఁ, ఒప్పుకోలేదు." ఇంకా తవ్వారు. తొక్కింది. "ఊహుఁ, ఒప్పుకోలేదు." ఇంకా తవ్వారు. రాయిలాంటి గట్టి గరపనేల తగిలింది. మడమ ఠంగుమంది. "అద్దీ! నేల ఒప్పుకుంది!"

తీసిన బంకమన్ను మళ్లీ వెయ్యనివ్వలేదు. గెడ్డలో ఇసక, గులకరాళ్లు తెప్పించి జానెడు జానెడు చొప్పున పోయించింది. డప్పు కొడుతుంటే ఊరు ఊరంతా దిగి తొక్కింది. నాయుడు కూడా పంచె ఎగ్గట్టి తొక్కాడు. మడమ గుర్తు పడనంత గట్టిపడ్డాక దాని మీద గోడ లేపారు. వెనక నీళ్లు నిలిచి తోసెయ్యకుండా గోడలో అక్కడక్కడా తూములు పెట్టించింది.

వానొచ్చింది. మూడు పగళ్లు, మూడు రాత్రులు ఏకధారగా కొట్టింది. తూముల్లోంచి నీళ్లు బుడబుడా కారాయి. గోడ కదల్లేదు. నాలుగోరోజు పొద్దున్న అప్పలస్వామి ఉత్తకాళ్లతో నూకాలు గుమ్మం ముందు నిలబడ్డాడు.

"నూకాలమ్మా, అవతల ఊళ్లో ఇంకో గోడ ఉంది. నువ్వొచ్చి తొక్కితేగానీ నేను రాయి పెట్టను."

బతికినన్నాళ్లూ ఎన్ని ఊళ్లు తిరిగి తొక్కిందో ఆ తల్లి! పోయి ఎన్ని తరాలైందో. గుడి లేదు, బొమ్మ లేదు. కానీ ఆ కొండవాలు ఊళ్లలో ఈనాటికీ, ఎంత గొప్ప మేస్త్రయినా చెప్పులిప్పి పునాదిలోకి దిగాల్సిందే, మడమతో మూడుసార్లు తొక్కాల్సిందే. గట్టు మీద ఆడవాళ్లు "నూకాలు ఒప్పుకుందా?" అని అడుగుతారు. "ఒప్పుకుందమ్మా!" అని గోతిలోంచి కేక వినబడేదాకా ఎవరూ రాయి అందివ్వరు.